పాడడమూ, పాడుచేయడమూ

పాడుతూ పాడుతూ చరణం మధ్యలో మాట మరచిపోతే గాయకుడు ఏంచేయాలి?

మన పెద్దలు దీనికి రకరకాల ఉపాయాలు కనిపెట్టి పెట్టారు. పద్యనాటకంలో అయితే తెర చాటున పుస్తకం పట్టుకుని ఒక మనిషి కూర్చుంటాడు. కృష్ణుడి గొంతు కాస్త తడబడగానే పాదం అందిస్తాడు. అది వినబడకపోతే హార్మోనియం ఆయన రెండు మెట్లు గట్టిగా నొక్కి గండం గడుపుతాడు. ఈలోగా కృష్ణుడు ఒక రాగం తీశాడంటే జనం "వన్స్‌మోర్" అని అరిచినా అరుస్తారు! సంగీత కచేరీలో అయితే వెనకాల తంబురా పట్టుకున్న శిష్యుడు ఉండనే ఉన్నాడు. బడిలో పద్యం అప్పజెప్పే కుర్రవాడికే ఏ ఉపాయమూ లేదు. పంతులుగారి మొహంలోకి చూసి నీళ్ళు నమలడమే.

చూశారా, ఇవన్నీ తప్పును దాచే ఉపాయాలు. దాచడం మానేసి, "తర్వాతి ముక్క నాకు రాదు" అన్న సంగతినే పాటలో పెట్టి, అదే తాళంలో, అదే వరసలో పన్నెండువేల మంది ముందు పాడేసిన మహాతల్లి ఒకావిడ ఉన్నది. పేరు ఎల్లా ఫిట్జెరాల్డ్. ఊరు బెర్లిన్. తేదీ 1960 ఫిబ్రవరి 13. ఆ రాత్రి కచేరీని అలాగే రికార్డు చేసి, ఆ ఏడే వెర్వ్ కంపెనీ వారు "ఎల్లా ఇన్ బెర్లిన్" అన్న పేరుతో ప్లేటు వేశారు. చప్పట్లు, ఈలలు, పాటకూ పాటకూ మధ్య ఆవిడ చెప్పిన కబుర్లు అన్నీ అందులో ఉన్నాయి. తప్పు కూడా ఉన్నది.

జాజ్ అంటే మన జాజిపువ్వుకు చుట్టమేమీ కాదు. అమెరికాలో నల్లవాళ్ళు పెంచిన సంగీతం. మనకి కొత్తగా వినబడినా దాని స్వభావం మనకు కొత్త కాదు. మన కచేరీలో విద్వాంసుడు త్యాగరాజు కీర్తన ఎత్తుకుంటే ఆ కీర్తన మనకు తెలియదని కాదు గదా మనం వెళ్ళేది! తెలుసు గనకనే వెళతాం. ఈయన ఆ సంగతిని ఎలా తిప్పుతాడు, నెరవలు ఎక్కడ పట్టుకుంటాడు, స్వరకల్పనలో ఏ దారిన పోయి ఏ దారిన తిరిగి వస్తాడు అన్నదే ఆసక్తి. జాజ్‌వాళ్ళకూ అలాంటి తెలిసిన పాటలు కొన్ని వందలున్నాయి. వాటిని "స్టాండర్డ్స్" అంటారు. చాలావరకు 1920 నుంచి 1950 లోపల నాటకాలకూ సినిమాలకూ కట్టినవి. నాటకం పోయింది, సినిమా పాతబడింది, పాట మాత్రం గాయకుల నోళ్ళలో మిగిలింది. తిరుపతి వేంకటకవుల ఉద్యోగ విజయాలను పుస్తకంగా చదవనివాళ్ళు కూడా అందులో పద్యం ఎత్తితే రెండో పాదం అందుకోవడం లేదూ? అదే.

ఎల్లా 1917లో పుట్టింది. పదిహేనేళ్ళ వయసులో తల్లి పోయింది. తర్వాత కొంతకాలం నిలవ నీడ లేని బతుకు. 1934 నవంబరులో న్యూయార్కు హార్లెంలోని అపోలో థియేటర్‌లో కొత్తవాళ్ళ పోటీకి వచ్చింది. వచ్చింది నాట్యం చేద్దామని. తనకంటే ముందు ఇద్దరు అక్కచెల్లెళ్ళు అద్భుతంగా నాట్యం చేసి వెళ్ళేసరికి కాళ్ళు ఆడక, అప్పటికప్పుడు పాట అందుకుంది. మొదటి బహుమతి కొట్టేసింది. ఇరవై అయిదు డాలర్లు! 1938లో ఒక పిల్లల పాటను పెద్ద బాండుతో పాడితే దేశమంతా మారుమోగింది. 1956 నుంచి ఒక్కొక్క రచయిత పాటలు ఏరి ఒక్కొక్క సంపుటంగా స్టూడియోలో రికార్డు చేస్తూ వచ్చింది. కోల్ పోర్టర్, గెర్ష్విన్ సోదరులు, డ్యూక్ ఎల్లింగ్టన్, ఇలా. ఈ పాటల మాటలు అక్షరం పొల్లుపోకుండా ఎలా పలకాలో తెలియాలంటే ఈనాటికీ ఆ సంపుటాలే వింటారు. అటువంటి మనిషి, పాతికేళ్ళ వేదిక అనుభవం ఉన్న మనిషి, నలభై రెండో ఏట మాట మరచింది.

ఏ పాట మరచిందో, ఎక్కడ మరచిందో కూడా చెప్పుకోవాలి. లేకపోతే కథలో సగం పోతుంది.

"మాక్ ద నైఫ్" అన్న ఆ పాట పుట్టిన ఊరు బెర్లినే. 1928 ఆగస్టులో అక్కడ ఆడిన "మూడు పెన్నీల ఆపెరా" లోనిది. మాటలు బెర్టోల్ట్ బ్రెహ్ట్‌వి, సంగీతం కుర్ట్ వైల్‌ది. సంతల్లో బొమ్మల పలక పెట్టి, బెత్తంతో చూపిస్తూ, ఫలానా హంతకుడు ఫలానా చోట ఫలానా ఘోరం చేశాడని పాడే గాయకులు జర్మనీలో ఉండేవారు. వాళ్ళ ఫక్కీలో కట్టిన పాట. మన చేర్యాల పటం విప్పి కథ చెప్పేవారిని చూసినవాళ్ళకు ఇది తేలికగా అర్థమవుతుంది. మనవాళ్ళు కులపురాణాలు చెబుతారు, వాళ్ళు ఖూనీలు చెబుతారు, అంతే తేడా. వైల్ యూదుడు. 1933లో హిట్లరు గద్దె ఎక్కగానే దేశం వదిలి పోవలసివచ్చింది. 1950లో న్యూయార్కులో చనిపోయాడు. ఆ తర్వాత ఆయన పాట ఇంగ్లీషులోకి వెళ్ళి, 1955లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతులో, 1959లో బాబీ డారిన్ గొంతులో అమెరికా అంతటా మోగింది. ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేస్తున్నప్పుడు వైల్ భార్య లోట్టె లెన్యా అక్కడే ఉన్నది. ఆయన ఆమె పేరును కూడా పాటలోని ఆడవాళ్ళ పేర్ల మధ్య ఇరికించేశాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

ఇక హాలు. దాని పేరు డాయిష్‌లాండ్‌హాలె. 1936 ఒలింపిక్ ఆటల కోసం కట్టారు. 1935 నవంబరులో ప్రారంభించినవాడు హిట్లరే. ఆ సంవత్సరమే నాజీ ప్రభుత్వం నల్లవాళ్ళ జాజ్‌ను జర్మన్ రేడియోలో నిషేధించింది. పాతికేళ్ళు తిరగకుండానే అదే హాలులో ఒక నల్ల ఆవిడ నిలబడి, దేశం విడిచిన యూదుడి పాటను, పుట్టిన ఊరివాళ్ళకే తిరిగి వినిపించింది. హాలును 2011లో కూలగొట్టారు. ప్లేటు మిగిలింది.

ఇప్పుడు పాటకు వద్దాం. ఎత్తుకునే ముందే ఆవిడ జనంతో నాలుగు మాటలు చెబుతుంది. ఈ పాట ఆడవాళ్ళు పాడగా తాను వినలేదనీ, జనానికి ఇష్టమైనది గనక ప్రయత్నిస్తాననీ, మాటలన్నీ గుర్తుంటాయని ఆశిస్తున్నాననీ. నవ్వుతూ అన్న మాటే. కాని వింటే లోపల కాస్త బెదురు కూడా ఉన్నట్టు నాకు తోస్తుంది. ఎంత పేరొచ్చినా ఆవిడ బిడియస్తురాలని ఎరిగినవాళ్ళంతా వ్రాశారు.

మొదటి చరణాలు చక్కగా నడుస్తాయి. ఈ పాట ఏర్పాటులో ఒక చిక్కున్నది. రెండు మూడు చరణాలయ్యేసరికి పియానో ఆయన శ్రుతిని అరమెట్టు పైకి జరుపుతాడు. ఇంకాస్త పాడితే మరో అరమెట్టు. అంటే మెట్లు ఎక్కడమే గాని దిగడం లేదు. అలా పైకి పోతుండగా ఆవిడకు తర్వాతి చరణం జారిపోయింది. కింద వాద్యాలు ఆగవు. పైన మాట లేదు.

ఆగలేదు ఆవిడ. ఈ పాటకు తర్వాతి చరణం ఏమిటబ్బా అన్న ప్రశ్ననే చరణంగా కట్టింది! ఇది తనకు రాని చరణమనీ, అయినా మంచి ఊపున్న పాటనీ, అందుకే సాహసించామనీ మరో చరణం. ఆర్మ్‌స్ట్రాంగ్, డారిన్ దీన్ని రికార్డు చేశారనీ, ఇప్పుడు తానూ తన బృందమూ దీన్ని నాశనం చేస్తున్నామనీ ఇంకో చరణం. "రికార్డు" అన్న మాటకూ, నాశనం అనే అర్థంగల ఇంగ్లీషు మాటకూ మొదట్లో ధ్వని కలుస్తుంది. ఆ కలయికను పట్టుకుని విసిరిన చమత్కారం అది. ఇంగ్లీషు రానివాళ్ళకు ఎలా చెప్పడమా అని చాలాసేపు ఆలోచించాను గాని మన భాషలో ఇంకా బాగా కుదురుతుంది: వాళ్ళు పాడారు, మేం పాడుచేస్తున్నాం!

అంతటితోనూ వదలలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ది గరగరలాడే గొంతు. ఆవిడ తన తేనె గొంతును పక్కకు పెట్టి ఆ గరగరను దించేసింది. హాలు గొల్లుమన్నది. అచ్చంగా రాని చరణాలు తప్పితే పాటలో తక్కినదంతా ఉన్నది. తాళం తప్పలేదు, శ్రుతి తప్పలేదు, ప్రాస కూడా చాలాచోట్ల తప్పలేదు. మరుసటి ఏడాది గ్రామీ బహుమతులిచ్చేవారు ఈ పాటకు ఒకటి, మొత్తం ప్లేటుకు ఒకటి ఇచ్చారు. మాట మరచినందుకు బహుమతి పుచ్చుకున్న మనిషి మరొకరున్నారో లేదో!

ఇందులో ఆవిడ గొప్ప ఎంత, వెనకున్న నలుగురి గొప్ప ఎంత? పియానో పాల్ స్మిత్, గిటారు జిమ్ హాల్, బేస్ విల్‌ఫ్రెడ్ మిడిల్‌బ్రూక్స్, డ్రమ్ములు గస్ జాన్సన్. ఎవరూ ఆవిడ కోసం ఆగలేదు, నెమ్మదించలేదు. ఆగి ఉంటే అది పొరపాటుగా తేలిపోయేది. వాళ్ళు నడుస్తూనే ఉండబట్టి అది పాటయింది. జనం సంగతి కూడా చెప్పాలి. మాట పోయిందని తెలిసిన క్షణం నుంచీ వాళ్ళ నవ్వు, చప్పట్లు ఆవిడను ముందుకు తోస్తుంటాయి. మా కందకుర్తి దగ్గర గోదావరిలో మంజీర, హరిద్ర కలుస్తాయి. మంజీర పెద్దది, అందరికీ కనబడుతుంది. హరిద్ర చిన్న వాగు. ఎక్కడ కలిసిందని అడిగితే చెయ్యి చాపి చూపించాలి. అయినా అది లేకపోతే త్రివేణి అనరు. స్టూడియో రికార్డుల్లో గాయకుడూ వాద్యమూ ఉంటాయి. ఆ మూడో ధార ఉండదు.

నిజానికి ఈ విద్య మా వైపు ఆడవాళ్ళకు బెర్లిన్ చెప్పనక్కర్లేదు. బతుకమ్మ ఆట చూడండి. పాట ఎత్తే ఆవిడ ఒక పాదం అంటుంది. చుట్టూ తిరిగేవాళ్ళు చప్పట్లు చరుస్తూ "ఉయ్యాలో" అని అందుకుంటారు. ఆ "ఉయ్యాలో" ఎంతసేపు? ఒక అడుగు వేసి వంగి లేచేటంతసేపు. అంతలో తర్వాతి పాదం నాలిక మీదికి రావాలి. వచ్చిందా, సరే. రాలేదనుకోండి. వలయంలో ఎవరి కోడలు కొత్తగా వచ్చిందో ఆ పేరు పెట్టి ఒక పాదం, ఎవరి చీర బాగుంటే ఆ చీర మీద ఒక పాదం, వాన పడలేదని ఒక పాదం. ఆర్మ్‌స్ట్రాంగ్ లోట్టె లెన్యా పేరు ఇరికించాడని పైన చెప్పానే, అచ్చం అదే పని. ఆ పేర్లు పెట్టిన పాదాలకే నవ్వులు ఎక్కువ. పండితులు తర్వాత పాఠభేదాలని పేరు పెట్టుకునేవాటిలో ఎన్ని ఇలా నాలిక అందని క్షణంలో పుట్టినవో! తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి, పాఠభేదాల మీద నాకు గౌరవం ఉన్నది. కాని వ్రాతప్రతుల్లోకి ఎక్కిన లోకం వేరు, వలయంలో తిరిగే లోకం వేరు.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నది. డెబ్బై దాటినై. తంగేడు పూత మొదలైన దగ్గర్నుంచి వీధి వీధంతా ఆవిడ కోసమే చూసేది. నాలుగేళ్ళ కిందట సద్దుల బతుకమ్మ నాడు పాట మధ్యలో ఆవిడకు ఒక పాదం అందలేదు. అందలేదంటే అర నిమిషం కూడా కాదు. ఏదో ఒకటి కట్టేదే. కాని ఈలోగా ఒక చిన్నపిల్ల సెల్‌ఫోన్ తీసి, "అమ్మమ్మా, అసలు లైను ఇదీ" అని చదివి వినిపించింది. పిల్ల తప్పేం లేదు, సాయమే చేద్దామనుకుంది. పెద్దావిడ ఆ పాదం అన్నది. ఆట పూర్తయింది. మరుసటి ఏడు పిలిస్తే, "నాకు యాదికి ఉంటలేదు బిడ్డా, మీరు పాడుకోండ్రి" అన్నది. ఇప్పుడు మా వీధిలోనూ పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చినై. అందులోంచి వచ్చే పాటలో ఒక్క మాటైనా పొరపాటుండదు. కొత్త కోడళ్ళ పేర్లు కూడా ఉండవు. ఆవిడ అరుగు మీద కూర్చుని చూస్తుంది.

మొన్న ఆవిడ మనుమడు మా ఇంటికి వస్తే ఈ ప్లేటులోని పాట వినిపించాను. ఇంటర్మీడియట్ చదువుతున్నాడు, ఇంగ్లీషు బాగానే పట్టుకుంటాడు. మరచిన చోటు రాగానే పకపకా నవ్వి, "సార్, ఈమె మా నాయనమ్మలాగా కొట్టేస్తోంది" అన్నాడు. మీ నాయనమ్మ మానేసిందిరా అన్నాను. కాస్త ఊరుకుని, "పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే పాడుతది సార్, మేం లేచినట్టు తెలిస్తే ఆపేస్తది" అన్నాడు.

సరే, ప్లేటు సంగతి పూర్తి చేద్దాం. మొదటి ముద్రణలో తొమ్మిది పాటలున్నాయి. మొదటిది మంచిదే గాని గొంతు వేడెక్కడానికి పాడినట్టుంటుంది. "మిస్టీ" మెల్లని పాట, రాత్రిపూట వినదగ్గది. "సమ్మర్‌టైమ్" గెర్ష్విన్ 1935 నాటి ఆపెరాలోని జోలపాట. ఇందులో ఎల్లా ఏ గారడీ చేయదు. తిన్నగా పాడుతుంది. చమత్కారాలన్నీ చేయగలిగిన మనిషి ఏమీ చేయకుండా ఊరుకోవడం ఎంత కష్టమో పాడేవాళ్ళకు తెలుస్తుంది. "లోరెలై" జర్మన్ల రైన్ నదిలో పడవవాళ్ళను పాటతో ముంచేసే మోహిని మీద అమెరికావాళ్ళు కట్టిన పాట. దాన్ని తెచ్చి జర్మన్లకే పాడడంలో కొంటెతనం ఉన్నది.

చిట్టచివరిది "హౌ హై ద మూన్". ఏడు నిమిషాలు. మొదట మాటలతో కాసేపు పాడి, తర్వాత మాటలు వదిలేసి, అర్థంలేని అక్షరాలతో ఎత్తుకుంటుంది. ఈ పద్ధతిని వాళ్ళు "స్కాట్" అంటారు. మన స్వరకల్పనకు సరిగమలున్నాయి, వాళ్ళకు అవీ లేవు. నోటికి వచ్చిన అక్షరమే స్వరం. దీని పుట్టుక మీదా ఒక కథ ఉన్నది. 1926లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక పాట రికార్డు చేస్తుంటే మాటల కాగితం చేతిలోంచి జారి కిందపడిందనీ, ఆగితే ప్లేటు వృథా అని ఏవో అక్షరాలతో లాగించేశాడనీ. నిజమో, పోయిన కాగితం మీద తర్వాత అల్లిన కట్టుకథో గాని, కథగానైనా బాగుంది. ఎల్లా ఆ ఏడు నిమిషాల్లో ఊపిరి తిప్పుకున్న జాడ కనబడదు. మధ్యలో వేరే పాటల ముక్కలు ఎన్నో వచ్చిపోతుంటాయి. అష్టావధాని నిషిద్ధాక్షరి పూరిస్తూనే అప్రస్తుతప్రసంగికి జవాబిచ్చినట్టు. చివరకు వచ్చేసరికి, కళ్ళలో పొగ కమ్మిందని ఒక పాత పాట ఉంటే, పొగ తీసేసి చెమట పెట్టి పాడుతుంది. దీపాల వేడికి నిజంగానే చెమట కారుతుండి ఉంటుంది.

రెండేళ్ళ తర్వాత, 1962 మార్చిలో, ఎల్లా మళ్ళీ బెర్లిన్ వెళ్ళింది. ఈసారి స్పోర్ట్‌పలాస్ట్ అన్న హాలు. మాక్ ద నైఫ్ మళ్ళీ పాడింది. ఆ రాత్రి టేపు నిర్మాత నార్మన్ గ్రాంజ్ సొంత పెట్టెల్లో దశాబ్దాలపాటు పడి ఉండి 2020లో బయటికి వచ్చింది. అప్పటికి ఎల్లా పోయి ఇరవై నాలుగేళ్ళయింది. చివరి రోజుల్లో మధుమేహం కళ్ళను దెబ్బ తీసింది, 1993లో కాళ్ళు రెండూ తీసేశారు. అంతకు ఏడాదీ రెండేళ్ళ ముందు దాకా వేదిక ఎక్కుతూనే ఉన్నది. రెండు రికార్డులూ పక్కపక్కన విన్నాను. 1962దీ హుషారైనదే. నాకు మాత్రం 1960దే కావాలి. ఆ రాత్రి తర్వాతి పాదం ఏమిటో ఆవిడకూ తెలియదు, మనకూ తెలియదు.

వినదలచినవాళ్ళు తిన్నగా ఎనిమిదో పాట పెట్టండి. ఇంగ్లీషు పట్టుబడకపోయినా బెంగలేదు. ఎక్కడ మాట పోయిందో జనం నవ్వే చెబుతుంది. అక్కడికి రాగానే గొంతు మీద నుంచి చెవి తీసి, కింద డ్రమ్ముల మీద పెట్టండి. గస్ జాన్సన్ చెయ్యి ఏమీ జరగనట్టే, మొదట్నుంచీ ఏ నడక నడిచిందో ఆ నడకే నడుస్తుంటుంది.